డాష్‌బోర్డు కింది అభావ విచారం

ఏ శాస్త్రానికైనా అనుబంధ చతుష్టయం ఉండాలని పెద్దల నియమం. విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే ఈ నాలుగూ చెప్పకుండా గ్రంథం మొదలుపెట్టినవాడిని పండితులు తమ పంక్తిలో కూర్చోనివ్వరు. కాబట్టి ముందు ఆ లాంఛనం కానిద్దాం. విషయం: పాత మారుతి ఆమ్నీ వ్యాన్‌లో కంపెనీవాడు వేయని వైర్లు, వాటిని సర్దే విధానం. ప్రయోజనం: హారన్ నొక్కితే హారనే మోగడం. సంబంధం: పై రెంటికీ సంబంధం లేదని ఓనర్లు నమ్ముతారు, ఉందని ఈ గ్రంథం వాదిస్తుంది. ఇక అధికారి, అంటే ఈ విద్యకు అర్హుడు: డ్రైవరు తలుపు తీసి, తల క్లచ్ పెడలు దగ్గరా కాళ్లు రోడ్డు మీదా పెట్టి, నోట టార్చిలైటు కరుచుకుని, కళ్లలో రాలే తుప్పును తుడుచుకోకుండా అరగంట వెల్లకిలా పడుకోగలిగినవాడు. బొజ్జ గలవారికి ఈ శాస్త్రంలో శ్రవణాధికారం ఉంది గానీ కర్మాధికారం లేదు.

ఆమ్నీయే ఎందుకు, వేరే బళ్లు లేవా అని ఒక ఆక్షేపణ. ఉన్నాయి. కానీ ఈ శాస్త్రానికి కావలసిన వయసూ వైవిధ్యమూ ఒక్కచోట దొరికేది దీనిలోనే. 1984లో మారుతి వ్యాన్ పేరుతో గుర్గావ్‌లో పుట్టి, 1988లో ఆమ్నీగా పేరు మార్చుకుని, 2019లో తయారీ ఆగేదాకా అది చేయని ఉద్యోగం లేదు. డాక్టరుగారిని విజిట్లకు తిప్పింది. కాన్వెంటు పిల్లల్ని పట్టినంతమందిని, పట్టనంతమందిని మోసింది. అంబులెన్సు అయింది, టెంటుహౌసు సామాను మోసింది, కూరగాయలమ్మింది. తెలుగు సినిమాలో హీరో చెల్లెల్ని ఎత్తుకుపోవడానికి విలన్ మనుషులు వేరే బండి తెచ్చిన దాఖలాలు తక్కువ. పక్కకు జారే తలుపు ఇందుకు కారణమని ఒక సిద్ధాంతం. ప్రతి ఉద్యోగమూ ఆ బండిలో ఒక వైరు వదిలి వెళ్లింది. పైగా 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను సరిగ్గా ముందు సీట్ల కింద ఉంటుంది. ఆ దారిన పోయే వైరు ఏదైనా ఏళ్ల తరబడి వేడికి వేగి, తొడుగు పెళుసెక్కి, వంచితే చిటుక్కున విరిగే స్థితికి వస్తుంది. ఇంత సమృద్ధిగా వస్తుసంపద ఉన్నచోట శాస్త్రం పుట్టకపోతేనే ఆశ్చర్యం.

మన విచారణకు తీసుకున్న బండి 1998 మోడలు. పదిహేనేళ్ల రిజిస్ట్రేషను ఎప్పుడో అయిపోయింది, ఐదేసి ఏళ్ల చొప్పున రెన్యువల్ మీద నడుస్తోంది. పుట్టినప్పుడు ఒక డాక్టరుగారిది. తర్వాత బడిపిల్లల వ్యాను. ఆ తర్వాత టెంటుహౌసు, మైకుసెట్టు. ఇప్పుడు తెనాలిలో ఊరగాయల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషిది. బ్రేకు తొక్కితే ఇండికేటరు మినుకుమంటోందనీ, రెండు రోజులు బండి తీయకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు టక్కుటక్కుమని ఊరుకుంటోందనీ ఆయన బెజవాడ ఆటోనగర్‌కు తెచ్చాడు.

బండిలోని వైర్లన్నిటినీ ముందుగా రెండు భాగాలు చేసుకోవాలి: శ్రుతి, స్మృతి. కంపెనీ వైరింగు శ్రుతి. అది అపౌరుషేయం, ఎవరి చేతి పనో తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ లేదు. ప్రతి వైరుకూ ఒక రంగు, ఆ రంగు మీద ఒక్కోసారి ఇంకో రంగు గీత. కప్లర్లు ఒకే వైపు నుంచి దూరతాయి, తిప్పి పెడదామన్నా ఒప్పుకోవు. నల్లది ఎర్తు. అన్నీ కలిపి ఒక గుత్తిగా టేపు చుట్టుకుని, రేకుకు బిగించిన క్లిప్పుల్లో పడుకుని, పాతికేళ్లు గడిచినా పద్ధతి తప్పకుండా ఉంటాయి. స్మృతి అంటే తర్వాత మనుషులు వేసినవి. వాటిలో నూటికి తొంభై ఎర్రవి. ఎందుకంటే ఆ రోజు షాపులో చుట్ట విప్పి ఉన్నది ఎర్ర వైరు. మిగిలిన పదీ ఇంటి వైరింగులో మిగిలిపోయిన ముక్కలు. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతే నిలుస్తుందని మీమాంసకులు తేల్చారు. వాళ్లు ఫాగ్‌లైట్లు బిగించిన ఆమ్నీని చూడలేదు. అందులో పార్కింగు లైటు వైరును మధ్యలో బ్లేడుతో గీరి, అక్కడ ఎర్ర వైరు మెలిపెట్టి, పైన టేపు చుట్టి ఉంటుంది. ఫాగ్‌లైటు వెలుగుతుంది, పార్కింగు లైటు నీరసిస్తుంది. స్మృతే గెలుస్తుంది.

ఇక స్మృతుల పట్టిక. డాక్టరుగారి కాలంలో క్యాసెట్ స్టీరియో, నాలుగు స్పీకర్లు, సెంటర్ లాకు. బడి కాలంలో లోపల రెండు లైట్లు, వెనక్కి వస్తుంటే పాడే రివర్సు పాట. మైకుసెట్టువారు వేలు లావు వైరొకటి పసుపు టేపు చుట్టి బ్యాటరీ నుంచి తిన్నగా వెనక్కి లాగి ఆంప్లిఫయరుకు ఇచ్చారు. గ్యాస్ కిట్టు కొన్నాళ్లు ఉండి పోయింది, డాష్‌బోర్డు మీద దాని స్విచ్చు మాత్రం పెట్రోలుకూ గ్యాసుకూ మధ్య ఇంకా తేల్చుకోలేకుండా ఉంది. ఊరగాయల వారు వచ్చాక చిన్న ఫ్యాను, ఫోను ఛార్జరు, జీపీఎస్, వేంకటేశ్వరస్వామి ఫొటో చుట్టూ రంగులు మార్చే ఎల్‌ఈడీ మాల, ఆవకాయ గోంగూర అంటూ వీధివీధినా అరిచే స్పీకరు. ఈ పట్టికలో గమనించవలసింది ఒకటుంది. వస్తువుల్లో సగం ఇప్పుడు బండిలో లేవు. వైర్లన్నీ ఉన్నాయి. వస్తువు తీసేవాడు వస్తువు దగ్గర వైరు కత్తిరించి, కొసకు టేపు చుట్టి, పైకి తోసి వెళ్లిపోతాడు. ఆ వైరు వెంట పోయి, దాని మొదలు ఎక్కడుందో కనిపెట్టి, మొత్తం బయటికి లాగినందుకు డబ్బిచ్చే ఓనరు ఇంతవరకు పుట్టలేదు. ఆమ్నీలో వైరుకు జన్మ ఉంది గానీ మరణం లేదు. ఈ గ్రంథానికి మూలసూత్రం ఇదే, తక్కినదంతా వ్యాఖ్యానం.

అందుచేత వైర్లు సర్దడమంటే ఉన్నవాటిని అందంగా కట్టడమని అనుకునేవారు ఈ శాస్త్రానికి బాహ్యులు. సర్దడమంటే లేనివాటిని గుర్తించడం. లేనిదాని గురించి మనవాళ్లు చాలా ఆలోచించారు. తెలుగువాడే అయిన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో పదార్థాలు ఏడు. ఏడోది అభావం, అంటే లేకపోవడం. ఆ లేకపోవడం మళ్లీ నాలుగు రకాలు. డాష్‌బోర్డు కింద తల పెట్టినవాడికి ఈ నాలుగూ ఒక్క పూటలో కనిపిస్తాయి.

మొదటిది ప్రాగభావం. కుండ చేయకముందు కుండ లేకపోవడం. దీనికి ఆది లేదు, అంతం ఉంది. మన బండిలో ముందు బంపరు దాకా వచ్చి, రెండు కొసలకూ టేపు చుట్టుకుని ఆగిపోయిన ఒక జత వైరుంది. "లైట్లు పండక్కి కొందాం, వైరు మాత్రం ఇప్పుడే లాగిపెట్టెయ్" అని ఏ ఓనరో అన్నాడు. పండగలు చాలా వచ్చాయి. కార్యం పుట్టగానే ప్రాగభావం నశించాలని తార్కికులు అంటారు. పుట్టకపోతే ఏమవుతుందో వాళ్లకు చెప్పినవారు లేరు.

రెండోది ప్రధ్వంసాభావం. కుండ పగిలాక కుండ లేకపోవడం. దీనికి ఆది ఉంది, అంతం లేదు. స్టీరియోను ఎవరో ఎత్తుకుపోయారు, దాని వెనక ఉండే వైర్ల గుత్తి మాత్రం ఆ చీకటి గూట్లో వేలాడుతోంది. నాలుగింటిలోకీ ప్రమాదం ఇందులోనే ఉంది. స్టీరియో గుత్తిలో ఎర్రది తాళం తిప్పితే వచ్చే కరెంటు, పసుపుది ఎప్పుడూ ఉండే కరెంటు. గడియారం, పెట్టుకున్న స్టేషన్లు మరిచిపోకుండా ఉండడానికి ఆ పసుపు వైరు ఇరవైనాలుగు గంటలూ బ్యాటరీని పట్టుకుని ఉంటుంది. గుర్తుపెట్టుకోవలసిన స్టీరియో పోయింది, గుర్తుచేసే వైరు మాత్రం బతికే ఉంది. దాని టేపు ఊడి రేకుకు తగిలిన రోజున అది తన ఉనికిని చాటుకుంటుంది. లోపలి లైట్లకూ పాత ఆంప్లిఫయరుకూ ఇలాంటి ప్రేతాలే ఉన్నాయి. రెండు రోజులకు బ్యాటరీ దిగిపోవడానికి కారణం వీటిలోనే దొరికింది. ఆంప్లిఫయరు పోయినా దాని పక్కన పెట్టిన చిన్న రిలే ఒకటి పగలూ రాత్రీ పట్టుకునే ఉంది. దాని తీగచుట్ట తాగేది ఆంపియరులో ఆరో వంతో ఐదో వంతో. కానీ రోజుకు గంటలు ఇరవైనాలుగు. రెండు రోజుల్లో ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర ఆంపియర్-గంటలు ఆవిరి. ఆమ్నీకి వేసే చిన్న బ్యాటరీ, అదీ ముసలిది, ఇంతకు మించి ఏం మిగుల్చుకుంటుంది?

మూడోది అత్యంతాభావం. మూడు కాలాల్లోనూ లేకపోవడం, గాలికి రంగు లేనట్టు. మన బండిలో ఇలాంటి వైరు ఒకటుంది, ఇటు కొసా దేనికీ తగలదు, అటు కొసా దేనికీ తగలదు. ఏ కాలంలోనూ దీనిలో కరెంటు పారినట్టు ఆధారం లేదు. ఇది ఎందుకుందని రెండు వాదాలు. ఇంకో వైరును సందులోంచి లాగడానికి దీన్ని ముందు దూర్చి, పనయ్యాక వదిలేశారని ఒకరు. రబ్బరు పైపు జారకుండా కట్టడానికి వాడారని ఇంకొకరు. రెండోదే నిజమని విప్పినప్పుడు తెలిసింది. అద్వైతులు తాడును చూసి పాము అనుకునే భ్రాంతి చెప్పారు. తాడును చూసి వైరు అనుకునే భ్రాంతి ఆటోనగర్ వారిది.

నాలుగోది అన్యోన్యాభావం. కుండ బట్ట కాదు, బట్ట కుండ కాదు. వినడానికి ఇంత మాత్రానికి శాస్త్రమెందుకు అనిపిస్తుంది. ఈ ఎర్ర వైరు ఆ ఎర్ర వైరు కాదని నిరూపించవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. డాష్‌బోర్డు కింద మిస్త్రీ, వెనక డిక్కీలో కుర్రాడు. "లాగుతున్నా, కదుల్తోందా?" "ఏదండీ?" "ఎర్రదిరా!" "అన్నీ ఎర్రవే గదండీ!" "కదిలేది చెప్పరా!" "అన్నీ కదుల్తున్నాయండీ!" ఇక్కడ తర్కం ఆగి టెస్టుల్యాంపు మొదలవుతుంది. రెండు వైర్లు, ఒక చిన్న బల్బు, ఒక సూదికొస. క్లిప్పు ఎర్తుకు తగిలించి, సూది వైరుకు గుచ్చితే బల్బు వెలిగింది, ప్రాణం ఉంది. వెలగలేదు, ప్రాణం లేదు, లేదా క్లిప్పు తగిలించింది ఎర్తు కాదు. రెండో సందర్భమే ఎక్కువ. గుచ్చిన ప్రతిచోటా చిన్న రంధ్రం, వానాకాలంలో అందులోంచి తేమ, తేమతో రాగి పచ్చబడి పొడి రాలడం. కాబట్టి గుచ్చినవాడే అక్కడ టేపు వేయాలి. వేసినవాడు కనిపించలేదు.

అనుమాన ప్రమాణానికి వద్దాం. కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని ఊహించడం న్యాయశాస్త్రంలో మొదటి పాఠం. పొగ ఉంటే నిప్పు ఉన్నట్టే గానీ నిప్పు ఉంటే పొగ ఉండి తీరాలని లేదు, ఎర్రగా కాలిన ఇనుపగుండుకు పొగ ఉండదు కదా అని కూడా వాళ్లే జాగ్రత్త చెప్పారు. ఓనర్లకు కొండ మీది పొగ తెలుసు, ఇనుపగుండు తెలియదు. పొగ రాకపోతే అంతా బాగున్నట్టే లెక్క.

ఇనుపగుండు కథ ఇది. కంపెనీ హెడ్‌లైటు బల్బు 60/55 వాట్లది. వెలుతురు చాలలేదని షాపుకు వెళ్తే 100/90 బల్బు ఇస్తారు, అదే హోల్డరులో చక్కగా కూర్చుంటుంది. రెండు బల్బులు హైబీములో 200 వాట్లు, 12 వోల్టులకు పదహారు ఆంపియర్ల పైమాట. చదరపు మిల్లీమీటరు మందం రాగి వైరు మీటరుకు సుమారు 17 మిల్లీఓములు అడ్డుపడుతుంది. బ్యాటరీ నుంచి స్విచ్చుకు, అక్కణ్ణుంచి దీపాలకు నాలుగు మీటర్లు అనుకుంటే, 1827లో జార్జ్ ఓమ్ ప్రకటించిన సూత్రం ప్రకారం దారిలోనే వోల్టు పైన కాస్త మాయం. జూల్ లెక్క ప్రకారం ఆ మాయమైనది సుమారు ఇరవై వాట్ల వేడి, అంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ ఒకటి డాష్‌బోర్డులో రాత్రంతా ఆన్‌లో ఉన్నట్టు. బల్బు వెలుతురు వోల్టేజీతో మామూలుగా తగ్గదు, సుమారు మూడున్నర ఘాతంతో తగ్గుతుంది. వోల్టు పైచిలుకు తగ్గితే పావువంతు వెలుతురు గోవిందా. స్విచ్చులోనూ హోల్డరులోనూ పోయేది వేరే లెక్క. ఊరగాయల వారి బండిలో హెడ్‌లైటు కప్లరు విప్పి చూస్తే తెల్లటి ప్లాస్టిక్కు మాగిన నిమ్మకాయ రంగుకు తిరిగి, ఒక మూల కరిగి, పిన్ను పక్కకు ఒరిగి ఉంది. పొగ ఎన్నడూ రాలేదని ఆయన ప్రమాణం చేశాడు. నిజమే చెప్పాడు.

దీనికి మందు రిలే. 1835లో అమెరికాలో జోసెఫ్ హెన్రీ తయారుచేసినప్పుడు దాని పని దూరంలో ఉన్న వలయాన్ని చిన్న కరెంటుతో తెరవడం, మూయడం. ఇప్పుడూ అదే పని. స్విచ్చు గుండా ఆంపియరులో కొద్ది వంతు మాత్రం పోయి, లోపలి అయస్కాంతాన్ని లేపుతుంది. అసలు కరెంటు బ్యాటరీ నుంచి దగ్గరి దారిన, లావు వైరులో దీపానికి పోతుంది. కాళ్ల మీద అంకెలు జర్మన్ ప్రమాణం డిన్ 72552 నుంచి వచ్చినవి, ఆటోనగర్‌లో ఇవి బీజాక్షరాలు: 30కి బ్యాటరీ, 85కూ 86కూ స్విచ్చు, ఎర్తు, 87కు దీపం. ఐదో కాలు ఉన్న రిలేలో 87ఎ అని ఒకటుంటుంది. స్విచ్చు వేయనప్పుడు 30 దానికి అంటుకుని ఉంటుంది, వేస్తే విడిపోతుంది. అక్షరలోపం చేసి 87 బదులు 87ఎకు దీపం ఇచ్చినవాడి బండిలో ఫాగ్‌లైట్లు ఎప్పుడూ వెలుగుతాయి, స్విచ్చు వేస్తే ఆరిపోతాయి. అలాంటి బండిని ఓనరు అలాగే అలవాటు చేసుకుని నడిపే సంప్రదాయం కూడా ఉంది, దాన్ని ఈ గ్రంథం ఖండిస్తోంది.

ఫ్యూజు గురించి ఒక్క మాట, కానీ గట్టిగా. ఫ్యూజు ఉన్నది స్టీరియోను కాపాడడానికి కాదు, వైరును కాపాడడానికి. కాబట్టి అది బ్యాటరీకి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. డాష్‌బోర్డు దగ్గర ఫ్యూజు పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా వైరును దిక్కులేకుండా వదిలేస్తే, ఆ మధ్యలో రేకు కోసుకుని షార్టయినప్పుడు ఫ్యూజు క్షేమంగా ఉంటుంది, బండి ఉండదు. రంగులు తెలిసిందే: 10 ఆంపియర్లు ఎరుపు, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ. ఎరుపు మాటిమాటికీ కొట్టేస్తోందని ఆకుపచ్చ పెట్టినవాడు రోగికి బదులు థర్మామీటరును మార్చినవాడు. సిగరెట్ పెట్టెలో వెండి కాగితం మడిచి పెట్టినవాడిని ఏమనాలో శాస్త్రంలో మాట లేదు. షార్టయినప్పుడు పుట్టే అగ్నిని ఏ కోవలో వేయాలన్నదీ తేలలేదు. అన్నంభట్టు తేజస్సును నాలుగుగా చెప్పాడు: భూమి మీద మండేది భౌమం, మెరుపు దివ్యం, కడుపులోది ఉదర్యం, గనిలో పుట్టే బంగారంలాంటిది ఆకరజం. రాగి గనిలోది, కరెంటు మెరుపు జాతిది, కాలే సీటు భౌమం, చూసిన ఓనరు కడుపులో పుట్టేది ఉదర్యం. నాలుగూ ఒకేసారి కూడే సందర్భం సృష్టిలో ఇదొక్కటే.

న్యాయమతంలో గంధం పృథివి గుణం. ఇంకే భూతానికీ వాసన లేదు. అందుచేత వ్యాన్‌లో కాలిన వాసన వస్తే దోషం పృథివిలో, అంటే ఎర్తులో వెతకమని నా సిద్ధాంతం. తర్కం కుంటిదైనా ఫలితం మాత్రం ఆశ్చర్యంగా సరిపోతుంది. కారులో ప్లస్సుకే వైరు, మైనస్సుకు బండి రేకు మొత్తం దారి. ఆ రేకుకు రంగు ఉంటుంది, రంగు కింద తుప్పు ఉంటుంది, ఆమ్నీకి మ్యాటు కింద చెమ్మ ఉంటుంది. స్మృతికారులు ఎర్తు వైరును దగ్గర్లో కనిపించిన ఏ స్క్రూకో చుట్టి బిగిస్తారు, రంగు మీదే. రంగు కరెంటును పోనివ్వదని తెలిసినా, స్క్రూ మరల దగ్గర ఎంతో కొంత రేకు తగులుతుందిలే అని ధైర్యం. కొన్నేళ్లు తగులుతుంది కూడా.

బ్రేకు తొక్కితే ఇండికేటరు మినుకుమనడం దీని ఫలమే. వెనక లైటు అద్దం తీస్తే కథ మొత్తం అక్కడే ఉంది. బ్రేకుకూ పార్కింగుకూ కలిపి ఒకే బల్బు, లోపల రెండు ఫిలమెంట్లు, 21 వాట్లది ఒకటి, 5 వాట్లది ఒకటి. పక్కన ఇండికేటరు బల్బు. అందరికీ ఎర్తు ఒకటే, రేకుకు బిగించిన ఒక్క స్క్రూ. ఆ స్క్రూ తల చుట్టూ గోధుమరంగు పొడి, స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే తిరుగుతూనే ఉంది, బిగుసుకోదు. బ్రేకు తొక్కగానే కరెంటు ఫిలమెంటు దాటి ఎర్తు దగ్గరికి వస్తుంది, దారి మూసి ఉంటుంది. నీరు పల్లమెరిగినట్టే కరెంటూ ఎరుగుతుంది, పక్కనున్న ఇండికేటరు ఫిలమెంటులోకి ఎదురెక్కి, దాని వైరు పట్టుకుని ముందు లైటు దాకా పోయి అక్కడి మంచి ఎర్తులో దిగుతుంది. దారిలో ఉన్నవన్నీ కాస్త కాస్త వెలుగుతాయి. దీనికి ఇంతకుముందు జరిగిన వైద్యం కూడా కనిపించింది. బ్రేకు స్విచ్చు నుంచి కొత్తగా ఇంకో ఎర్ర వైరు వెనక్కి లాగి ఉంది. రోగం మైనస్సులో, మందు ప్లస్సుకు. ఈ ఒక్క అజ్ఞానమే ఆమ్నీలోని వైర్లలో మూడో వంతుకు కారణమని నా అంచనా. చేయవలసింది పావుగంట పని: స్క్రూ తీసి, చుట్టూ గరుకు కాగితంతో రేకు తళతళలాడేదాకా రుద్ది, వైరుకు గుండ్రటి లగ్గు వేసి, పళ్లున్న వాషరుతో కొత్త బోల్టు బిగించి, పైన గ్రీజు పూయడం. తుడిచినందుకు కూలీ అడిగితే "తుడవడానికి కూడానా?" అంటారు. కొత్త వైరుకైతే మీటరు లెక్కన మారు మాట్లాడకుండా ఇస్తారు.

"నడుస్తున్న బండిని కెలక్కూడదండీ" అనేది ఈ శాస్త్రానికి బలమైన పూర్వపక్షం. ఊరగాయల వారే లేవనెత్తారు. నడుస్తున్న బండినైతే ఎవరూ ఆటోనగర్‌కు తేరని సమాధానం.

కర్మకాండ క్లుప్తంగా. ముందు బ్యాటరీ మైనస్సు విప్పాలి, తర్వాతే ప్లస్సు. మొదట ప్లస్సు విప్పబోతే పానా రేకుకు తగిలి మెరుపు లేస్తుంది, ఆ దివ్యతేజస్సు దర్శనం ఎవరికీ అక్కర్లేదు. ఏ వైరు కోసే ముందైనా ఫోనుతో ఒక ఫొటో. ప్రతి స్మృతిని మొదటి నుంచి కొస దాకా వెంబడించి, ఉన్నదానికి కాగితం చీటీ కట్టి, లేనిదాన్ని బయటికి లాగాలి. కోయడం కాదు, లాగడం. మిగిలినవాటికి బ్యాటరీ దగ్గరే ఒక ఫ్యూజు డబ్బా, పక్కన రిలేలు, అక్కణ్ణుంచి ఒకే గుత్తి. రేకు రంధ్రంలోంచి పోయేచోట రబ్బరు బుష్ లేకపోతే ఇప్పటిదాకా చేసిందంతా వ్యర్థం, బండి అదురుడుకు రేకు అంచు వైరును రోజూ కాస్త కాస్త కోస్తుంది.

జాయింటు విషయంలో రెండు శాఖలున్నాయి. సోల్డరు శాఖవారు సీసం కరిగించి పోయకపోతే జాయింటే కాదంటారు. క్రింపు శాఖవారు లగ్గులో పెట్టి నొక్కాలంటారు. సోల్డరు వైరు పోగుల్లోకి పాకి గట్టిపడి, అది ఆగినచోట అదురుడుకు విరుగుతుందని వీరి వాదం. నేను వీరి పక్షమే, నొక్కేది తగిన పనిముట్టుతో అయితేనే, కటింగుప్లేయరుతో కాదు. పంటితో తొడుగు లాగి, రెండు కొసలూ మెలిపెట్టి, టేపు చుట్టే మూడో శాఖ సంఖ్యలో పెద్దది, సిద్ధాంతం లేనిది. ఆ టేపు మీదే దాని నమ్మకమంతా. పీవీసీ టేపు 1946లో అమెరికాలో 3ఎం కంపెనీలో పుట్టింది, మంచి వస్తువే. మే నెల ఎండలో మూసి ఉన్న వ్యాన్‌లో మాత్రం దాని జిగురు కరిగి, టేపు జారి, జాయింటు బట్టతలతో నిలబడుతుంది. ఆ నల్లటి జిగురు చేతికంటితే కిరోసినుకు గానీ వదలదు. వేడికి ముడుచుకునే స్లీవు వేసుకోవాలి, జాయింటు చేయకముందే ఎక్కించుకోవాలి. చేశాక గుర్తొచ్చేవారు మళ్లీ కోసుకోక తప్పదు.

కట్టడానికి కేబుల్ టైలు. విమానాల ఫ్యాక్టరీలో మైనం తాడుతో వేల వైర్లు కట్టి కట్టి పనివాళ్ల వేళ్లు కోసుకుపోవడం చూసి, మారస్ లోగన్ అనే ఇంజనీరు తయారుచేసిన ఉపాయమిది, 1958లో బయటికొచ్చింది. విమానం కోసం పుట్టినది ఆమ్నీలో స్పీకరును సీటుకు కట్టడానికీ, ఊడిన బంపరును నిలబెట్టడానికీ కూడా పనికొస్తోంది. గట్టిగా బిగిస్తే తొడుగు నొక్కుకుపోతుంది, కోసిన కొస పదునుగా వదిలితే తర్వాతి మిస్త్రీ మోచేతికి గీత పడుతుంది. ఇలా కట్టినవాటిలో రివర్సు పాట లేదు, దాన్ని తీసేశాం. వరసగా రకరకాల స్వరాలు పలికే హారన్ బండికి ఉండకూడదని 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 119వది అంటోంది. వెనక్కి వెళ్లేటప్పుడు పాడేది హారనా, పాటా అని ఓనరు కాసేపు మీమాంస చేశాడు గానీ, వీధిలోవాళ్ల అభిప్రాయం అడుగుదామనేసరికి విరమించుకున్నాడు.

చివరి ప్రకరణం వ్యవహారకాండ. బయటికి లాగిన వైర్లు ఒక గోనెసంచి నిండాయి. మిస్త్రీ దాన్ని మెల్లిగా తన బల్ల కిందికి జరిపాడు. ఓనరు చూశాడు. "నా బండిలోంచి వచ్చింది నాది గదయ్యా?" "అది ఉందని మీకు తెలుసాండీ?" "తెలియకపోతే మాత్రం?" "తీసినందుకు కూలీ ఇవ్వనంటిరి గదండీ." రాగి ధర ఇద్దరికీ తెలుసు. మన ప్రాంతంలో ఆస్తి తగాదాకు పాత ప్రమాణం మితాక్షర, దాన్ని 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయం పేర తెనిగించాడు. వంశపు సొత్తు మీద కొడుకుకు పుట్టుకతోనే హక్కు వస్తుందని మితాక్షర మతం. కొనుక్కున్న బండిలో పుట్టుక ఎక్కడిది? పోనీ అనుకుంటే డాక్టరుగారు, బడివారు, మైకుసెట్టువారు కూడా వాటాకు వస్తారు, లావు వైరు మైకుసెట్టువారిదేనని పసుపు టేపు సాక్ష్యం చెబుతుంది. తెలియకుండా దాగి ఉన్న సొమ్ము గనుక 1878 నిధుల చట్టం కింద చూద్దామంటే, నేలలో గానీ నేలకు అతుక్కుని ఉన్నదానిలో గానీ దాగి ఉంటేనే అది నిధి, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. వ్యాను నేలకు అతుక్కుని ఉండదు కాబట్టి ఆ చట్టం వర్తించదు, సంచి మిస్త్రీదే, కూలీ మాఫీ. అయితే రెన్యువల్ చేయించక, షెడ్డు పక్కన నాలుగు టైర్లూ నేలలో దిగిపోయి, కిటికీలోంచి వేపమొక్క బయటికి పెరిగిన ఆమ్నీలు మన జిల్లాల్లో చాలా ఉన్నాయి. అలాంటిదాన్ని విప్పే మిస్త్రీ ముందుగా కలెక్టరాఫీసులో అర్జీ పెట్టుకుని, రసీదు తీసుకుని వచ్చి, ఆ తర్వాత బ్యాటరీ మైనస్సు విప్పడం క్షేమం.